అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్తవి చేయించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి

తణుకు_అమ్మాయి
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మమ్మ కాసులపేరు అమ్మ దగ్గరుంది. పది పెద్ద కాసులు, మధ్యలో గుండ్లు, వెనక కొక్కెం. మొత్తం తూకం 96 గ్రాములు. అమ్మ దాన్ని అక్కకీ నాకూ సమానంగా పంచేసి నిశ్చింతగా ఉందామనుకుంటోంది. పోయినవారం ఒక పెద్ద షాపుకి తీసుకెళ్లాం. మెషీన్ కింద పెట్టి 84 శాతం వచ్చింది, అంటే 20 క్యారెట్లే అన్నారు. కరిగించేసి చెరో నెక్లెస్ తీసుకోండి, తరుగు 18 శాతం, మీకైతే 16కి చేస్తాం అన్నారు.

అక్క సరేనంటోంది. నాకే మనసొప్పడం లేదు. పాత నగల్లో నిజంగానే అంత తక్కువ బంగారం ఉంటుందా? వచ్చే ఆదివారం అడ్వాన్స్ ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది.

మీటర్‌గేజ్
కరిగించేయండి. 96 గ్రాములు మెడలో వేసుకుని ఈ రోజుల్లో ఎక్కడికి వెళ్తారు? సెంటిమెంట్ పేరుతో ఏటా లాకర్ అద్దె కట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. నన్నడిగితే కొత్త నగ కూడా వద్దు, అమ్మేసి ఫండ్స్‌లో పెట్టుకోండి.

కుంపటి_వారసుడు
అమ్మా, అడ్వాన్స్ ఇవ్వకండి. మాది నరసాపురం దగ్గర ఊరు. మా నాన్న చివరిదాకా కుంపటి ముందు కూర్చున్నాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పని చేయడం రాదు గానీ చూసిన జ్ఞానం ఉంది.

పాత నగ కరిగిస్తే క్యారెట్ పడిపోవడానికి ముఖ్య కారణం మాటు. రెండు బంగారు ముక్కలు అతకాలంటే మధ్యలో పెట్టే లోహం ముందు కరగాలి, నగ కరగకూడదు. అందుకని బంగారంలో రాగి, వెండి బాగా కలిపి మాటు తయారుచేసేవాళ్లు. అతుకు దగ్గర వెలిగారం (బోరాక్స్) పూసి, మాటు తునక పెట్టి, ఊదుగొట్టంతో మంటని సరిగ్గా ఆ చోటికే పంపేవాళ్లు. బుగ్గలు ఉబ్బించి, ఊపిరి ఆపకుండా ముక్కుతో పీలుస్తూ నోటితో ఊదడం అంటే మాటలు కాదు. నగలో ఎన్ని అతుకులుంటే అంత మాటు. అంతా ఒకే మూసలో పోసి కరిగిస్తే ఆ రాగీ వెండీ బంగారంలో కలిసిపోతాయి. 22 క్యారెట్ బంగారంతో చేసిన నగ 20కి దిగిందంటే చేసినవాడు మోసగాడనుకోనక్కర్లేదు.

తర్వాత కాడ్మియం మాటు వచ్చింది. 92 పాళ్లు బంగారం, 8 పాళ్లు కాడ్మియం. షాపుల ముందు 'కేడీఎం' అని బోర్డులు పెట్టుకున్నది దాని గురించే. అతికేటప్పుడు కాడ్మియం చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి నగ నాణ్యత పెద్దగా తగ్గదు. కానీ ఆ ఆవిరి పీల్చేది పనివాడే. ఊపిరితిత్తులకీ కిడ్నీలకీ విషం అది. హాల్‌మార్క్ నగల్లో దాన్ని నిషేధించారు. ఇప్పటికీ "కేడీఎంయేనా అండీ?" అని మురిపెంగా అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీ కాసుల సంగతి వేరు. అవి నాణేలా, అచ్చు వేసిన లక్ష్మీ కాసులా? లక్ష్మీ కాసులైతే పలచగా ఉంటాయి, ముందు లక్ష్మీదేవి బొమ్మ, వెనక లొట్ట. నాణేలైతే దళసరిగా, రెండువైపులా బొమ్మలుంటాయి. ఫొటో పెట్టగలరా?

జగిత్యాల_జాజి
చెల్లె, మా అత్తగారి గుండ్ల పేరు గిట్లనే మార్పిచ్చినం. కొత్తది చూస్తే సినిమా సెట్టింగ్ లెక్క ఉన్నది, పట్టుకుంటే బరువు లేదు. పాతది మా మామ చేయించింది, అవుసులాయన (కంసాలి) ఇంటి అరుగు మీదనే కూసొని చేసిండట. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

ఇంకో మాట. తూకం ఏ లెక్కల చెప్పిన్రో చూసుకో. మా దిక్కు షాపులల్ల తులమంటే పది గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. మీ కోస్తోళ్లు సవర అంటే ఎనిమిది. ఇంట్ల ముసలోళ్లు "ఎనిమిది తులాలు" అన్నరంటే ఏ తులమో అడగాలె.

లాకర్_తాళం
బ్యాంకుల్లో కుదువ బంగారం పరీక్షించే పని చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముందు లెక్క చూద్దాం, సెంటిమెంట్ తర్వాత.

96 గ్రాములు, 84 శాతం. అంటే మేలిమి (స్వచ్ఛమైన బంగారం) 80.64 గ్రాములు. దాన్ని 22 క్యారెట్లలోకి మారిస్తే సుమారు 88 గ్రాములు. ఇప్పుడు అదే 96 గ్రాముల బరువుకి కొత్త నగలు కొంటే 16 శాతం తరుగుతో 111.36 గ్రాముల డబ్బు కట్టాలి. తేడా 23 గ్రాముల పైచిలుకు. దాని మీద జీఎస్టీ 3 శాతం, అదీ తేడా మీద కాదు, కొత్త నగల మొత్తం విలువ మీద. ఈ రోజు ధర పెట్టి మీరే గుణించుకోండి. "మార్చుకుంటే పోయేదేముంది" అన్న మాట ఎంత ఖరీదో తెలుస్తుంది.

రెండోది, ఆ మెషీన్ ఎక్కడ పెట్టారు? అది ఎక్స్‌రేతో చూసే మెషీన్. నగ పైపొరని, అదీ ఆ చిన్న చుక్కంత మేరని మాత్రమే చదువుతుంది. కాసు మధ్యలో పెడితే ఒక అంకె, రింగు అతికిన చోట పెడితే ఇంకో అంకె. మాటు మీద పెట్టి చదివితే 84 ఏమిటి, 70 కూడా చూపిస్తుంది. ఎక్కడెక్కడ ఎన్నిసార్లు చూశారో మీకు చూపించారా?

షాపువాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పాత గుండ్ల లోపల తరచుగా లక్క ఉంటుంది. ఆ బరువు బంగారం కాదు. అది కోసేస్తే మోసం అనకండి.

తణుకు_అమ్మాయి
ధన్యవాదాలండీ. మెషీన్ లోపలికి తీసుకెళ్లి చూశారు, మేం బయటే కూర్చున్నాం. కాగితం మీద ఒకటే అంకె ఉంది.

ఫొటోలు పెట్టాను చూడండి. కాసులు దళసరిగానే ఉన్నాయి. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద ఎవరో కత్తితో పాముని చంపుతున్నట్టుంది. రెండు కాసుల మీద మాత్రం ముసుగు వేసుకున్న రాణి. అంచు చుట్టూ సన్నటి గీతలు. మూడు కాసులకి ఆ గీతలు సరిగ్గా లేవు, బొమ్మ కూడా కాస్త అలికినట్టుంది.

కుంపటి_వారసుడు
అబ్బ! అవి సవరన్లు, బ్రిటిష్ బంగారు నాణేలు. రాణి విక్టోరియా, రాజు ఐదో జార్జి. గుర్రం మీద ఉన్నది సెయింట్ జార్జి, కింద ఉన్నది పాము కాదు, డ్రాగన్. ఒక్కోటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి 7.32 గ్రాములు. ప్రపంచంలో ఏ మూల చూసినా ఇదే తూకం.

ఒక పని చేయండి. భూతద్దం తీసుకుని 1918 అని ఉన్న కాసేదైనా ఉందేమో చూడండి. ఉంటే గుర్రం కాళ్ల కింద, నేల గీత మధ్యలో, ఇంగ్లీషు 'ఐ' అక్షరం ఉందా? ఉంటే అది బొంబాయిలో ముద్రించిన సవరను. ఆ ఒక్క ఏడాదే అక్కడ సవరన్లు కొట్టారు.

మిగతా మూడూ మన ఊరివాళ్లు అచ్చు తీసి పోసినవి అయి ఉంటాయి. పేరులో కాసులు తక్కువైతే అలా నింపేవాళ్లు. అవి కూడా బంగారమే, కాకపోతే నాణ్యత చేసినవాడి చేతిలో ఉంటుంది.

లాకర్_తాళం
ఫొటోలు చూశాను. ఏడూ నిజమైనవే అనిపిస్తోంది. అలాగైతే ఆ ఏడింటిలోనే మేలిమి 51 గ్రాముల పైన ఉంది. ఏడు మంచి కాసులున్న పేరు మొత్తానికి ఒకే 84 పెట్టడం ఎలా కుదురుతుంది? కాసులు వేరు, మాటు వేరు, గుండ్లు వేరు. విడదీసి తూయాలి.

మీ ఊరికి దగ్గర్లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రం ఎక్కడుందో చూసి మీరే స్వయంగా వెళ్లండి. మామూలు జనం కూడా తమ నగ పరీక్షించుకోవచ్చు. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, ఐదు, అంతకు మించి ఉంటే ఒక్కోదానికి 45, పన్ను అదనం. కాగితం రాసిస్తారు. ఆ కాగితం చేతిలో ఉంటే షాపులో మాట తీరే మారుతుంది.

మీటర్‌గేజ్
మా తాత ఎప్పుడూ అనేవాడు, కంసాలి తల్లి బంగారంలోనూ తీస్తాడని. షాపువాడైనా అంతే, పాతకాలపు ఆచారి అయినా అంతే. అందుకే అమ్మేయమన్నాను.

కుంపటి_వారసుడు
@మీటర్‌గేజ్ అన్నా, ఆ సామెత నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. బళ్లో అయ్యోరు కూడా అన్నారు. జవాబు ఒక్కసారి రాసేస్తాను, మళ్లీ రాయను.

మీరిచ్చిన బంగారాన్ని కరిగించి, కమ్మచ్చులో పెట్టి తీగ లాగుతాం. కమ్మచ్చు అంటే వరసగా కన్నాలున్న ఇనుప పలక, ఒక్కో కన్నం ముందుదాని కంటే సన్నం. తర్వాత కొట్టాలి, కత్తిరించాలి, ఆకురాయితో రాయాలి. ప్రతి దెబ్బకీ రజను రాలుతుంది. కింద పరిచిన గుడ్డలో కొంత, మసిలో కొంత, చేయి కడిగిన నీళ్లలో కొంత, పనివాడి జుట్టులో కూడా కొంత. ఎంత జాగ్రత్తపడ్డా కొంత పోతుంది. కంసాలి వీధుల్లో కాలవ మట్టి కడిగి బంగారం తీసుకుని బతికేవాళ్లు ఉండేవాళ్లంటే ఎంత పోతుందో చూడండి. తరుగు అన్నది ఆ నష్టానికి పుట్టిన లెక్క. మా నాన్న గురివింద గింజలతో తూచి ఇచ్చిపుచ్చుకున్న చీటీలు ఇంకా ఇంట్లో ఉన్నాయి, అందులో తరుగు ఇప్పటి షాపుల 16, 18 శాతాల దరిదాపుల్లో కూడా ఉండదు. మెషీన్‌తో అచ్చు పోసి, రజను మొత్తం వాక్యూమ్‌తో లాగి తిరిగి కరిగించుకునే ఫ్యాక్టరీకి అంత తరుగు ఎందుకు? ఇప్పుడు తరుగు పేరుతో తీసుకునేది మజూరీ, షోరూమ్ అద్దె, టీవీ ప్రకటనల ఖర్చు. అలా చెప్పి తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక మా వాళ్లు ఏమయ్యారంటారా? 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. చైనా యుద్ధం అయిన కొత్త, ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లకి మించిన నగ చేయడానికి వీల్లేదన్నారు. 14 క్యారెట్లది గట్టిగా ఉంటుంది, మన నగలకి కావలసినంత సన్నగా సాగదు. అంతకుమించి, ఆడవాళ్లెవరూ దాన్ని బంగారం అని ఒప్పుకోలేదు. ఆ దెబ్బకి కుంపట్లు ఆరిపోయాయి. మా పెదతాత గడియారాలు బాగుచేయడం నేర్చుకున్నాడు, ఇంకొకాయన కట్టెకోత మిల్లులో చేరాడు. 1966లో ఆ 14 క్యారెట్ల నిబంధన సడలించారు గానీ, 1968 చట్టంతో కంసాలి దగ్గర ఎంత బంగారం ఉండవచ్చన్నదానికి కట్టడి పెట్టారు. ఆ చట్టం 1990లో గానీ పోలేదు. ఈ మధ్యలో ఒక తరం పిల్లలు పని నేర్చుకోలేదు. ఆ తర్వాత షోరూములు వచ్చాయి.

పాతబస్తీ_పావురం
కుంపటి గారు చెప్పింది నిజం. హైదరాబాద్ గుల్జార్‌హౌస్, చార్‌కమాన్ సందుల్లో మీరు కొనే 'మన సంప్రదాయ' నగలు చేసేది చాలావరకు బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. మూడో అంతస్తులో చిన్న గది, ట్యూబ్‌లైటు, వరసగా కింద కూర్చున్న పదిమంది. వాళ్ల చేతుల్లో లక్ష్మీదేవి, నెమళ్లు, మామిడిపిందెలు తయారవుతుంటాయి. పనితనం మాత్రం అద్భుతం, అందులో సందేహం లేదు.

డాలస్_బాబాయ్
ఇవన్నీ ఎందుకమ్మా, హాల్‌మార్క్ లేని బంగారం ఇప్పుడు చెల్లదు కదా? ప్రభుత్వం రూల్ పెట్టింది. మార్చేసుకోవడమే మంచిది.

లాకర్_తాళం
@డాలస్_బాబాయ్ గారూ, ఈ మాట చెప్పే జనాన్ని భయపెడుతున్నారు. రూల్ దుకాణదారుడికి, మనకి కాదు. 2021 జూన్ 23 నుంచి 256 జిల్లాల్లో హాల్‌మార్క్ లేకుండా దుకాణాలు అమ్మకూడదన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి ఒక్కో గుర్తింపు నంబరు, ఉండాలన్నారు. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి, కొత్తది కొనేటప్పుడు షాపులోనే కొట్టి చూసుకోండి. ఇంట్లో ఉన్న పాత నగ ఉంచుకోవచ్చు, వేసుకోవచ్చు, దుకాణానికి అమ్మవచ్చు, కుదువ పెట్టవచ్చు. రెండు గ్రాముల లోపు వస్తువులకీ, కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగిన నగలకీ ఆ తప్పనిసరి లేనే లేదు.

తణుకు_అమ్మాయి
పరీక్ష చేయించాను! అక్క కూడా వచ్చింది. ఈసారి మా ఎదురుగానే చూపించారు. ఏడు కాసులూ 91 పైనే వచ్చాయి. మూడు నకలు కాసులు 88 దగ్గర. రింగులు అతికిన చోట్ల 70 చిల్లర. గుండ్లలో లక్క ఉందని లాకర్_తాళం గారు చెప్పినట్టే అన్నారు.

1918 కాసు ఒకటుంది. అందులో 'ఐ' కూడా ఉంది! అక్క ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూసి గట్టిగా అరిచింది, సెంటర్‌లో అందరూ మా వైపు చూశారు. ఇప్పుడు కరిగిద్దామని అనట్లేదు గానీ, పంచుకోవడం ఎలా అన్నది తేలలేదు. పేరు ఒక్కటే, మేం ఇద్దరం. ఏడాదికొకరం ఉంచుకుందామంటే అమ్మ ఒప్పుకోదు, తర్వాత గొడవలొస్తాయంటుంది.

జగిత్యాల_జాజి
అమ్మ మాట నిజం. మా ఇంట్ల ఒక వడ్డాణం కోసం అక్కచెల్లెండ్లు ఆరేండ్లు మాట్లాడుకోలే.

కుంపటి_వారసుడు
కాసులపేరు పంచుకోవడానికి కరిగించే పనే లేదు కదమ్మా. గుచ్చకం విప్పేస్తే కాసులు వేటికవే వస్తాయి. చెరో ఐదు. మంచివి ఏడు కాబట్టి ఒకరికి నాలుగు సవరన్లు ఒక నకలు, ఇంకొకరికి మూడు సవరన్లు రెండు నకళ్లు వస్తాయి. తూకం, నాణ్యత లెక్కేసి ఆ తేడా డబ్బు రూపంలో సర్దుకోండి. కొత్త తరుగు కంటే అది చాలా చిన్న మొత్తం. ఐదు కాసులతో పొట్టి గొలుసు చేయించుకుంటే రోజూ వేసుకున్నా బాగుంటుంది. గుండ్లు కూడా సగం సగం.

గుచ్చేవాడికి మూడు విషయాలు చెప్పండి. పాత రింగులు కోసేయొద్దు, అరిగినవి మాత్రమే మార్చాలి. కాసుల్ని మెరుగుకి ఇవ్వొద్దు, యాసిడ్‌లో ముంచితే బొమ్మ అంచులు పోతాయి, తూకం కూడా తగ్గుతుంది. ఇచ్చే ముందు, తీసుకునేటప్పుడు ఒకే త్రాసులో మీ ముందే తూయాలి.

తణుకు_అమ్మాయి
అక్కకి ఇది నచ్చింది. బొంబాయి కాసు నాకు, రాణి కాసులు రెండూ తనకి. నాలుగు సవరన్ల వాటా తనది, తేడా డబ్బు తనే ఇస్తానంది. అమ్మ నకలు కాసులు చూసి "వీటిని చేసిన ఆచారి నాకు తెలుసు, మా పెళ్లికి పుస్తెలు చేసింది ఆయనే" అంది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే మీరెప్పుడు అడిగారు అంది. షాపువాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను, ఇంకా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు.

అక్క ఇంకో ప్రశ్న అడగమంది. తను విడిగా ఒక నక్షీ హారం కొనాలనుకుంటోంది. చేత్తో చేసిందో అచ్చు పోసిందో ఎలా తెలుస్తుంది?

పాతబస్తీ_పావురం
తిప్పి చూడమనండి. నక్షీ చేతిపని అంటే బంగారు రేకుని లక్క మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో వెనక నుంచి ఉబ్బించి, ముందు నుంచి కళ్లు, ముక్కు, చీర కుచ్చిళ్లు తీర్చడం. అందుకే వెనకవైపు ముందున్న బొమ్మకి తిరగేసిన గుంటలు, ఉలి ముద్రలు కనిపిస్తాయి. అచ్చు పోసినదాని వెనక నున్నగా గానీ, ఒకేరకం గరుకుగా గానీ ఉంటుంది. హారంలో పది లక్ష్మీదేవులుంటే చేతిపనిలో పదిమంది ముఖాలూ కొద్దిగా తేడాగా ఉంటాయి. అచ్చులో అయితే కవలలే. వెనక రేకు మూసేస్తే మాత్రం చెప్పడం కష్టం, అప్పుడు బిల్లు మీద చేతిపని అని రాయించుకోవాలి.

గజ్జెల_సవ్వడి
ఈ చర్చలోనే నా చిన్న సందేహం కూడా. మా అమ్మ గుట్టపూసల హారం, పచ్చి పని దుద్దులు నల్లబడ్డాయి. కుంకుడుకాయ రసంలో నానబెట్టి బ్రష్‌తో తోమవచ్చా? మామూలు గాజులకి అలాగే చేస్తాం.

కుంపటి_వారసుడు
వద్దండీ! గాజులకి, గొలుసులకి కుంకుడుకాయ మంచిదే. పచ్చి పనిలో రాయి కింద రేకు ఉంటుంది, దాని కింద లక్క. నీళ్లు లోపలికి దిగితే రేకు మసకబారుతుంది, రాయి వెలుగు పోతుంది, ఆ తర్వాత రాయి తీసి మళ్లీ పొదగడం తప్ప దారి లేదు. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, సందుల్లో దుమ్ముకి పొడి బ్రష్ చాలు. ముత్యాలకి సెంటు, చెమట, నిమ్మరసం ఏదీ పడదు. వేసుకుని వచ్చాక కాస్త తడి గుడ్డతో ముత్యాలను మాత్రం తుడిచి, ఆరాక మెత్తటి నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో వేయకండి. గుట్టపూసల గుచ్చకం దారం మాసిపోయి గట్టిపడి ఉంటే తెగకముందే కొత్తగా గుచ్చించండి. ఆ బుల్లి ముత్యాలు ఒకసారి చెల్లాచెదురైతే అన్నీ దొరకవు.